బరువుకి రెండో వైపు

గోడౌన్ వెనక వీధి,
మేడ మీది గది.

మావయ్యకి,

నీకు ఫోన్ చేస్తే "ఆఁ, ఏంటీ" అనడమే తప్ప ఒక్క ముక్కా వినబడదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. గూడ్స్ యార్డులో ఇంజన్ల కూతలకి నీ చెవులు పోయాయి. నీ చెవుల పుణ్యమా అని నా చేతిరాత బాగుపడుతోంది.

ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. పార్సిళ్ల గోడౌన్‌లో నన్ను బరువుల వరసల్లో వేశారు. వాషింగ్ మెషీన్లు, విడదీసిన మంచాలు, కసరత్తు చేసేవాళ్ల ఇనప గుండ్లు, అన్నీ మా దగ్గరికే వస్తాయి. చేతికి ఒక స్కానర్ కట్టుకోవాలి, దాన్ని అందరం గన్ను అంటాం. ఏది ఎక్కడ తీసి ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది. ఆలస్యమైతే కీచుమని అరిచి మార్కులు కోస్తుంది. మార్కులు గీత దిగితే మర్నాటినుంచి ఫోన్లో "మీకు పని లేదు" అని వస్తుంది, అంతే. పొమ్మనలేక పొగబెట్టారంటారు కదా, ఇక్కడ పొగ పెట్టే మనిషి కూడా కనబడడు.

గోడ మీద పెద్ద బొమ్మ ఒకటి వేశారు. ఇద్దరు నవ్వుతూ ఒక పెట్టెని చెరో వైపు పట్టుకుని ఎత్తుతుంటారు. కింద "బరువు ఎక్కువైతే తోటివారి సాయం తీసుకోండి" అని ఉంటుంది. నిజంగా సాయం పిలిస్తే మాత్రం పిలిచినందుకు నాకు మార్కులు పోతాయి, తమ వరస వదిలి వచ్చినందుకు వచ్చినవాళ్లకీ పోతాయి. ఆ బొమ్మలోవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా పక్క వరసలో పొట్టన్న అని ఒకతను ఉన్నాడు. మొన్న ఒక ఫ్రిజ్‌ని ఒక్కడే దించబోయి నడుం పట్టేసి అక్కడే కూలబడ్డాడు. అతని మార్కులు అప్పటికే గీత మీద ఉన్నాయి, అందుకే ఎవర్నీ పిలవలేదు. కుర్చీలో కూర్చోబెట్టి బయటికి తోసుకెళ్తుంటే చేతికున్న గన్ను ఇంకా కీచుమంటూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు మావయ్యా, ఒళ్లు మండింది.

మాకు పెద్ద కోరికలేం లేవు. బరువుకి ఇద్దరు ఉండాలి, ఇద్దరికీ మార్కులు కొయ్యకూడదు. జీవితమంతా యూనియన్ యూనియన్ అన్నావు కదా, ఏం చెయ్యాలో చెప్పు. అమ్మతో మాత్రం అనకు. మానేసి వచ్చెయ్యమంటుంది.

నీ కందిరీగ


లోడర్ల సంఘం ఆఫీసు,
సైకిల్ షాపు మేడ.

చి. కందిరీగకి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. అందరూ అంటే నలుగురం. ఒకడికి కళ్లు ఆనవు, ఒకడు వింటూనే నిద్రపోయాడు. ఒకప్పుడు ఈ మెట్ల మీద నిలబడడానికి చోటుండేది కాదు. మొన్న మేం కొత్త లెటర్‌హెడ్ అచ్చు వేయిస్తే కింద సైకిల్ షాపాయన "మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె" అని నవ్వాడు. నవ్వడా మరి.

మీ వయసువాళ్ల మీద నాకు కోపం ఉంది, దాచను. యూనియన్ అంటే ముసలివాళ్ల కాలక్షేపం అనుకున్నారు. ఎవడో నడుం విరగ్గొట్టుకున్నాక మావయ్య గుర్తొచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. సరే, ఆకులు నా దగ్గర ఉన్నాయి కాబట్టి ఇస్తాను.

షిఫ్టు మారే వేళకి గేటు దగ్గర నిలబడు. ఒక గుంపు బయటికొస్తుంది, ఇంకో గుంపు లోపలికి పోతుంది. ఆ రెండూ ఎదురుపడే చోటే యూనియన్ పుట్టేది. అక్కడ మాట కలుపు. అధ్యక్షుణ్ణీ కార్యదర్శినీ ఎన్నుకోండి, చందా రసీదులు కొట్టించండి, జెండా కుట్టించండి. అప్పుడు మీ కోరిక కాగితం మీద పెట్టి యజమానికి ఇవ్వండి.

మా యార్డులో ప్రతివాడికీ ఒక జోడీ ఉండేవాడు. బస్తాకి చెరో కొస. నా జోడీ పోయాక నేను మళ్లీ బస్తా ముట్టలేదు. ఇద్దరు ఎత్తాల్సింది ఒకడితో ఎత్తించబోతే మేమూ సమ్మె చేశాం, గెలిచాం. చెప్పి మరీ కొట్టాం. నోటీసు ఇవ్వకుండా మా సంఘం ఒక్క సమ్మె చెయ్యలేదు. చెప్పకుండా పని ఆపేవాడికీ దొంగకీ తేడా లేదు. ఈ మాట గుర్తుపెట్టుకో.

మీ మావయ్య


మేడ మీది గది.

మావయ్యకి,

గేటు దగ్గర నిలబడ్డాను. రెండు గుంపులు కాదు కదా, రెండు తలకాయలు కలిసి కనబడలేదు. మాకు షిఫ్టు అన్నదే లేదు. ఎవరు ఏ వేళకి రావాలో ఎవరి ఫోన్లో వాళ్లకి వస్తుంది. విరామం కూడా గన్నే ఇస్తుంది, అదీ వరసకి ఒక్కరికే. నేను టీ గదిలోకి వెళ్లేసరికి కుర్చీ ఇంకా వెచ్చగా ఉంటుంది, మనిషి ఉండడు. అధ్యక్షుణ్ణి ఎన్నుకోమన్నావు. ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది మా సంగతి. పక్క వరసల్లో సగం మంది పేర్లే నాకు తెలియవు.

మేం చేతకాక ఊరుకున్నామని నువ్వు అనుకుంటావు, నాకు తెలుసు. నీ ఉత్తరం చదివి అరగంట నీతో మనసులో పోట్లాడాను.

కానీ మా దగ్గరా ఒకటి ఉంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఒకరి వల్ల కాని పెట్టె వస్తే దాని మూల మీద ఆకుపచ్చ టేపు ముక్క అంటిస్తాం. అది చూసినవాళ్లు పక్క వరసలోంచి వచ్చి, మాట్లాడకుండా రెండో వైపు పట్టుకుంటారు. వచ్చినందుకు మార్కులు పోతాయి కాబట్టి వంతులు పెట్టుకున్నాం. లెక్కల పిల్ల అని ఒకమ్మాయి ఉంది. ఎవరికి ఎన్ని మార్కులు పోయాయో, ఇంకా ఎన్ని పోయినా తట్టుకోగలరో ఆ పిల్ల మనసులోనే కడుతుంది. ఇవాళ నువ్వు వెళ్లకు, వాడు వెళ్తాడు అని పక్కనుంచి పోతూ వేళ్లతో చూపిస్తుంది. పొట్టన్న పడిపోయాక ఇప్పటిదాకా ఇంకెవరూ గీత దిగకుండా అలాగే లాక్కొస్తున్నాం.

ఇది నీ ఒక్కడికే చెబుతున్నాను. వచ్చే నెల పెద్ద తగ్గింపు అమ్మకాలు మొదలయ్యే రోజు సరుకు వరదలా వస్తుంది. ఆ రోజు బరువుల వరసల్లో ప్రతి పెద్ద పెట్టెకీ టేపు పడుతుంది. ఇద్దరు లేనిదే ఏదీ లేవదు. గన్నులన్నీ కలిసి అరిస్తే అరవనీ. అందరి మార్కులూ ఒకేసారి గీత దిగితే ఎంతమందిని మానిపిస్తారు, అంత సరుకు ఎవరు మోస్తారు? ఇందులో లోపం ఏమైనా ఉంటే చెప్పు.

కందిరీగ


సంఘం ఆఫీసు.

చి. కందిరీగకి,

టేపు ముక్క అంటించి యూనియన్ అంటే ఎలాగమ్మా? జెండా లేదు, రసీదు లేదు, కనీసం పేరు లేదు. గోటితో గీకితే ఊడొచ్చే వ్యవహారం. కోప్పడకు, ఉన్నమాట అన్నాను.

రోజు ఎంచుకోవడం మాత్రం భేష్. సరుకు ముంచుకొచ్చే రోజే పట్టుకోవాలని నేర్చుకోవడానికి మాకు ఏళ్లు పట్టింది. నా జోడీ ఉండి ఉంటే నిన్ను భుజాన ఎక్కించుకుని యార్డంతా తిప్పేవాడు. నిన్న ఆఫీసులో నీ ఉత్తరం గురించి చెబుతుంటే ఆ నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చున్నాడు. చాలా రోజులకి ఈ గదిలో గట్టిగా మాట్లాడాను.

ఒక్కటే లోటు. మీకు సంఘం లేదు కాబట్టి మీ తరఫున జరగాల్సిన మర్యాద జరగదు. అది నేను చూసుకుంటాను. పెద్దవాళ్లం ఉన్నది మరెందుకు? నువ్వు నిశ్చింతగా పని చేసుకో.

మీ మావయ్య


మేడ మీది గది.

మావయ్యా,

మర్యాద జరిగింది.

అమ్మకాల రోజు పొద్దున బరువుల వరసల్లో ఉన్న మా అందరి ఫోన్లలోనూ ఒకేసారి వచ్చింది, "ఈ రోజు మీకు పని లేదు" అని. వేరే ఊళ్లనుంచి బస్సుల్లో కొత్తవాళ్లని దింపారు. పక్క వరసలో ఏం జరుగుతోందో తెలియని ఆ కొత్తవాళ్లు ఒక్కొక్కరే అన్నీ మోశారు. ఎంతమంది నడుములు పోయాయో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

మళ్లీ లోపలికి రానిచ్చిన రోజు చూస్తే, ఆ నవ్వే బొమ్మ పక్కన నీ నోటీసు అతికించి ఉంది. నీ కొత్త లెటర్‌హెడ్ బాగుంది. "మీ సంస్థలోని సోదర కార్మికులు ఫలానా రోజున బరువులను ఒంటరిగా ఎత్తబోరని న్యాయంగా, ముందస్తుగా తెలియజేస్తున్నాము." అక్కడితో ఆగావా? "మా ఇంటి ఆడపిల్ల సైతం ఈ పోరాటంలో ఉండటం మాకు గర్వకారణం." ఆ ముక్క రాయకపోతే నీకు చెయ్యి ఆడదా? యూనియన్ మావయ్య గురించి గొప్పలు చెప్పేది ఆ గోడౌన్ మొత్తంలో నేనొక్కదాన్నే.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, మర్నాటినుంచి అందరికంటే ముందు నాకే పని వచ్చింది. ఎందుకో ఆ ఫోన్‌కే తెలియాలి. మావాళ్లు మాత్రం తమకి తెలిసిందనే అనుకుంటున్నారు. కబురు చేరవేసి నా పని నేను కాపాడుకున్నానట. లెక్కల పిల్లని ఆపి మాట్లాడబోతే, "మీ మావయ్య కంపెనీలో ఎవరికి దగ్గరో ముందు అది చెప్పు" అని వెళ్లిపోయింది.

టేపు ఇప్పుడు మనిషికి ఇంతని కొలిచి ఇస్తున్నారు. నాకు మిగిలిన ముక్కలు నేను అంటిస్తూనే ఉన్నాను. ఎవరూ రావడం లేదు. నిన్న ఒక బీరువా పెట్టె మూలకి టేపు వేసి నిలబడ్డాను. పక్క వరసలో మనిషి ఉంది, చూసింది, తల తిప్పుకుంది. గన్ను అరుస్తుంటే ఒక్కదాన్నే ఈడ్చాను. పని పోయినా ఇంత బాధపడేదాన్ని కాదు. నన్ను నమ్మని చోట నేను పెట్టె ఎలా ఎత్తాలి మావయ్యా?

ఆ నోటీసు నాకు తెలియకుండా నువ్వే ఇచ్చావని నువ్వే వచ్చి చెప్పాలి వాళ్లకి.

కందిరీగ


సంఘం ఆఫీసు.

చి. కందిరీగకి,

నీ కోపం అర్థమైంది. కానీ నోటీసు ఇవ్వడం తప్పని మాత్రం నేను ఒప్పుకోను. నోటీసు అందుకున్న యజమాని పిలిచి మాట్లాడాలి. అది ధర్మం. వాళ్లు ధర్మం తప్పితే ఆ తప్పు నాది ఎలా అవుతుంది? నా బతుకులో ఇచ్చిన ఏ నోటీసుకీ నేను తల దించుకోలేదు.

నీ మీద పడ్డ మాట గురించి: దీనితో పాటు సంఘం లెటర్‌హెడ్ మీద ఒక ధ్రువపత్రం జత చేశాను. నీకు ఆ నోటీసుతో సంబంధం లేదని కార్యదర్శి హోదాలో సంతకం, ముద్ర వేశాను. అందరికీ చూపించు.

మీ మావయ్య


మేడ మీది గది.

మావయ్యా,

నీ ధ్రువపత్రం రెండు ముక్కలు చేసి ఇందులో పెట్టాను. మమ్మల్ని ముంచింది ఆ లెటర్‌హెడ్డే. మళ్లీ అదే చూపించి నన్ను నమ్మండి అనాలా?

ఒక్కటి అడుగుతాను. నీ జోడీ మీద ఎవరైనా ఇలాంటి నింద వేసి ఉంటే, నువ్వు ఆఫీసులో కూర్చుని ముద్ర వేసి పంపేవాడివా?

జవాబు రాయకపోయినా ఫర్వాలేదు.


గోడౌన్ ఎదురుగా,
టీ కొట్టు బల్ల.

చి. కందిరీగకి,

పై చిరునామా చూసి కంగారు పడకు. నీ గదికి రాలేదు. ఏ మొహం పెట్టుకుని వస్తాను. నీ చివరి ఉత్తరం జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. నా జోడీ మీద అలాంటి మాట పడితే నేను ముద్ర కోసం వెతికేవాణ్ణి కాదు, ఆ అన్నవాడి గడప ముందు కూర్చునేవాణ్ణి. అది నీకు తెలిసే అడిగావు. నీకు కందిరీగ అని పేరు పెట్టిన నా నోటికే బుద్ధి లేదు.

మొదట నాకు తెలిసిన పనే చేశాను. గేటు దగ్గర నిలబడ్డాను. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. వ్యాను ఆగుతుంది, మనిషి దిగుతుంది, లోపలికి పోతుంది. ఒకణ్ణి ఆపి "బాబూ" అన్నాను. చెవుల్లో ఏవో పెట్టుకున్నాడు. అతనికీ వినబడదు, నాకూ వినబడదు. బాగా కుదిరిందిలే అనుకున్నాను.

ఇలా లాభం లేదని లోపలికే పోదామనుకున్నాను. గేటు పక్కన పనికి పేరు ఎక్కించుకునే అద్దం పెట్టె ఉంది కదా, టీ కొట్టావిడ దాన్ని ఎలా నొక్కాలో చూపించింది. వయసు అడిగిన చోట అబద్ధం చెప్పలేదు. అది కిమ్మనలేదు. నా వయసు చూసి నవ్వకుండా పని ఇచ్చింది ఈ మధ్య అదొక్కటే. బరువుల వరసలు కావాలని నొక్కాను. వాటిని కోరి ఎవరూ నొక్కరట, వెంటనే ఇచ్చేసింది.

గన్ను అరిచిందో లేదో నాకేం తెలుసు. చెవుడు కూడా ఒక్కోసారి మంచిదే. ఒక అబ్బాయి పెద్ద పెట్టెతో తంటాలు పడుతుంటే వెళ్లి రెండో వైపు పట్టుకుని, ఎత్తుతూ చెప్పాను: "నోటీసు ఇచ్చింది నేను. మా మేనకోడలికి తెలియదు." అతను నన్ను ఎగాదిగా చూసి, "ఏ నోటీసు? ఎవరి మేనకోడలు? నేను నిన్ననే చేరాను" అని గట్టిగా అన్నాడు. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నిజం చెప్పడానికి అంత దూరం వస్తే అది ఎవరికి కావాలో తెలియలేదు.

తర్వాతి వరసలో సన్నగా ఒకమ్మాయి. ఆమె పెట్టె రెండో వైపు పట్టుకుని అదే మాట అన్నాను. "మాట తర్వాత తాతా, ముందు మోకాళ్లు వంచు" అంది నా చెవి దగ్గర అరిచి. వంచాను. సగంలో నా పట్టు జారింది. నా జోడీ పోయాక మొదటిసారి కదా, చేతులు మరిచిపోయాయి. ఆ పిల్లే ఆపింది. దించాక నా చెయ్యి పట్టుకుని గన్ను చూసి, "నీ మార్కులు గీత దిగడానికి ఇంకో రెండు మూడు పెట్టెలు చాలు" అంది. అప్పుడు తెలిసింది, ఇదే మీ లెక్కల పిల్ల అని.

"నిజంగా ఆమెకి తెలియదా?" అని మళ్లీ చెవి దగ్గరే అడిగింది.

"తెలిస్తే నన్ను చంపేసేదమ్మా. అది సలహా అడిగింది, నేను పెద్దరికం చేశాను" అన్నాను. నా బతుకులో ఒక నోటీసు గురించి తల దించుకుని మాట్లాడింది అక్కడే.

ఆ పిల్ల వేళ్లతో చూపించింది, ఆ మూల ఉన్నావిడ, ఈ పక్క ఎర్ర చొక్కా అతను, వాళ్లు పాతవాళ్లు అని. వాళ్ల దగ్గరికి వెళ్లాను. పెట్టెకి ఒక్క మాట. నాలుగో పెట్టె దగ్గర ఉండగా కాపలా అతను వచ్చి భుజం తట్టాడు. నా గన్ను ఎప్పుడో ఆగిపోయిందట. అరిచిందేమో, నాకు తెలియదు.

నడుం పట్టేసింది. బస్సుకి వేళయింది. వాళ్లు నమ్మారో లేదో తెలియదు. నేను చెప్పింది మాత్రం చెప్పాను.

మావయ్య


మేడ మీది గది.

మావయ్యా,

ఎదురుగా టీ కొట్టు దాకా వచ్చి నన్ను చూడకుండా పోయినందుకు వేరే తిడతాను. నడుముకి వేడి కాపడం పెట్టుకో. అమ్మకి నేనే చెప్పాను. నిన్నూ నన్నూ కలిపి తిట్టింది.

ఇక్కడ ఏమీ మారలేదు. బొమ్మలోవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. పొట్టన్న నడుం నిలవక ఇంటి దగ్గర ఇంకా గోడకి ఆనుకునే కూర్చుంటాడు. ఈ మధ్య కంపెనీ బరువుల వరసలవాళ్లకి నడుముకి కట్టుకునే పటకాలు ఇచ్చింది, వాటితో ఒక్కరే ఎత్తవచ్చట. అది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మొన్న ఒక డైనింగ్ బల్ల పెట్టె వచ్చింది. నా దగ్గర టేపు అయిపోయింది. గన్ను అరుస్తోంది, నేను పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంతలో అవతలి కొస లేచింది. లెక్కల పిల్ల. "మోకాళ్లు వంచు, మీ తాతలా నిలబడకు" అంది. తాత కాదు, మావయ్య అన్నాను. దించాక వెళ్లిపోతూ, "ఆయన మార్కులు కూడా వంతుల్లో కలిపాను, మన కోసం పోయినవే కదా" అంది. ఆ రోజు ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. మొదటి ఉత్తరంలో రాలేదన్నానే, ఆ ఏడుపు.

మళ్లీ చేస్తాం మావయ్యా. ఎప్పుడో అనుకున్నాం. ఆ రోజు ఏదో నీకు చెప్పను. కోపంతో కాదు. నీకు చెబితే నువ్వు చెప్పకుండా ఉండలేవు, ఉంటే నీకు నిద్ర పట్టదు. మేం దొంగలమో కాదో తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం.

నీ కందిరీగ


సంఘం ఆఫీసు,
సైకిల్ షాపు మేడ.

చి. కందిరీగకి మావయ్య ఆశీస్సులు.

అడగను.

గోడౌన్‌లో టేపు కొలిచి ఇస్తున్నారన్నావు. ఈ వీధి చివర స్టేషనరీ కొట్టులో ఉన్నంతా తీసుకుని ఈ పార్సిల్‌లో పెట్టాను. ఆకుపచ్చదే, గీకినా సులువుగా ఊడదని కొట్టాయన హామీ ఇచ్చాడు. పార్సిల్ బరువుగానే ఉంటుంది, ఇంకొకరిని తోడు తీసుకెళ్లి తెచ్చుకో.

డబ్బు నా సొంతం కాదు, సంఘానిదే. నలుగురం కూర్చుని తీర్మానం చేశాం, నిద్రపోయేవాడు కూడా చెయ్యి ఎత్తాడు. ఖర్చు ఏ పద్దు కింద రాయాలి అని కాసేపు వాదన జరిగింది. జెండాల కింద రాశాను.

మావయ్య